థీమ్ పార్కులో అడ్డం పట్టిన చీర

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ముప్పై మూడేళ్ళు కాలువ మీద ఉద్యోగం చేశాను. ఊరికి దూరంగా లాకుల పక్కన ఒంటి గది క్వార్టరులో ఉన్నాను. నీళ్ళలో కొట్టుకొచ్చి లాకు తలుపులకు తగులుకున్న శవాలను కొక్కెం వేసి ఒడ్డుకు లాగించాను. పశువులవే కాదు, మనుషులవి కూడా. ఎంత ఉబ్బిన శవమైనా సరే, పని అయ్యాక చేతులు కడుక్కొని అన్నం తిన్నవాణ్ణి. వాటిలో ఏదీ తిరిగి వచ్చి నన్ను పలకరించలేదు.

రోజుకు మూడుసార్లు కొలబద్ద చూసి, నీటిమట్టం ఎంత ఉందో టైముతో సహా రాయడం నా పని. రిటైరయ్యాక నీళ్ళు పోయాయి గానీ రాత పోలేదు. మా ఇంట్లో నా డైరీలు నలభైకి పైగా ఉన్నాయి. కింద ఇచ్చిన టైములు పోయిన మే నెలలో ఒక మంగళవారం పేజీలోనివి.

మా అక్క కరుణమ్మకు డెబ్బై ఒకటి. మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. గుంటూరులో మా పిన్ని దగ్గర ఉండి మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. అది కూర్చుని చేసే పని. చేతులకు ఆముదం పూసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఎండు మిరపకాయల కుప్ప ముందు పొద్దున కూర్చుంటే లేచేది సాయంత్రమే. ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది.

రిటైరయ్యాక అక్కను మార్టూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాను అనడమే గానీ, చూసింది మా ఆవిడ. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి పొద్దునా సాయంత్రం ఒక ఆయమ్మ వచ్చి అక్కకు స్నానం, బాత్రూమ్ పనులు చేసి వెళుతుంది. మధ్యలో అవసరమైతే పక్కింటావిడను పిలుస్తాను. నేను ఒక్కసారి కూడా చేయలేదు. తమ్ముణ్ణి, మగవాణ్ణి, ఎలా చేస్తాను అని అందరితో అనేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే నాకు రోత.

అక్కకు సముద్రం కావాలని ఉండేది. చూడడం కాదు, అల వచ్చి కాళ్ళ మీద పడాలి. పోలియో కాళ్ళకు కదలిక ఉండదు గానీ స్పర్శ ఉంటుంది. చీమ పాకినా తెలుస్తుంది.

"సముద్రానికి పోతే కుర్చీ ఇసకలో కూరుకుపోద్ది. హైవే పక్కన పార్కులో అలలొస్తయ్యంట గదా, గచ్చు మీద. అక్కడికి తీసుకుపోరా ఏసోబూ" అని రెండేళ్ళుగా అడుగుతోంది.

వేసవి సెలవులకు మా అమ్మాయి సునీత వచ్చి ఫోన్‌లో టికెట్లు తీసింది. అల్లుడు ప్రభాకర్ కారు నడిపాడు. వాళ్ళ పిల్లలిద్దరు, అక్క, నేను. ఆ పార్కు పేరు రాయను. గుంటూరు వెళ్ళే దారిలో ఉంది, అంతవరకు చాలు.

పది ఇరవైకి గేటు దగ్గర దిగాం. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళకూడదట. గేటు మనిషి అక్క ఒళ్ళో ఉన్న క్యారియర్ మూత తీసి, గోంగూర అన్నానికి ముక్కు ఆనించినంత పని చేశాడు.

"ఏం నాయనా, వాసన చూస్తే కడుపు నిండుద్దా? కూర్చో, పెడతా" అంది అక్క.

అతను నవ్వలేదు. అన్నం తీసి ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో వంచేశాడు. అందులో అప్పటికే ఎవరివో పులిహోర, ఇడ్లీలు, చంటిపిల్లల పాలు కలిసిపోయి ఎండకు పులుస్తున్నాయి. డ్రమ్ము అంచున ఈగలు నల్లగా ముసిరాయి. ఆ డ్రమ్ము పక్కనే పెద్ద బోర్డు. దివ్యాంగులకు అన్ని సౌకర్యాలూ కలవు అని.

అలల కొలను దగ్గర కుర్చీని ఆపేశారు. చక్రాలకు మట్టి ఉంటుందట, నీళ్ళు పాడవుతాయట. నేను ఆ నీళ్ళ వంక చూశాను. నీళ్ళ రంగు చూసి పైన వాన పడిందో లేదో చెప్పగలిగినవాణ్ణి. అలాంటి రంగు నేను ఏ కాలువలోనూ చూడలేదు. వెంట్రుకల ఉండలు అలతో పాటు వచ్చి గచ్చుకు అంటుకుంటున్నాయి. పుండు మీద నుంచి ఊడిన ప్లాస్టర్ ఒకటి అంచున ఆడుతోంది. క్లోరిన్ మందు వాసన కింద ఉచ్చ వాసన. అందులోనే పెద్దవాళ్ళు నోళ్ళు తెరుచుకొని కేకలు వేస్తూ మునుగుతున్నారు. మైకులో ఒకడు, ఇంకా గట్టిగా అరవండి అని అందరినీ రెచ్చగొడుతున్నాడు.

ఎవరు నీళ్ళలో దిగాలన్నా నైలాను బట్టలు వేసుకోవాలి. అవి అక్కడే అద్దెకు ఇస్తారు. సునీత తీసుకొచ్చి అక్క చేతిలో పెట్టింది. తడి ఆరలేదు.

"ఇదెవరి ఒంటి మీదనుంచి ఊడబీకారే? ఇంకా వెచ్చగానే ఉంది" అని అక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని వెనక్కి ఇచ్చేసింది.

చివరికి సునీత ఖాళీ పాప్‌కార్న్ డబ్బాతో ఆ నీళ్ళు ముంచుకొచ్చి అక్క కాళ్ళ మీద పోసింది. నీళ్ళతో పాటు నాలుగు పేలాలు కూడా జారాయి. అక్క కళ్ళు మూసుకుంది.

"ఇంకోటి పొయ్యవే. పైనుంచి కాదు, పక్కనుంచి. అల పైనుంచి వస్తదా ఎక్కడన్నా?"

నాలుగు డబ్బాలు పోయించుకుంది. చల్లగా ఉంది అంది. నేను మొహం తిప్పుకున్నాను. ఆ నీళ్ళు ఆమె వేళ్ళ సందుల్లో నిలబడి ఉండడం చూడలేకపోయాను. ఆమె సంతోషాన్ని కూడా చూడకుండా పోయానని తరవాత అనిపించింది.

పన్నెండు అయిదుకు సునీత వాళ్ళు పిల్లలను తీసుకొని జారుడుబల్లల వైపు వెళ్ళారు. అరగంటలో వస్తామన్నారు. నీళ్ళలో తడుస్తాయని ఫోన్లు లాకరులో పెట్టి వెళ్ళారు. అక్క అప్పటికి రెండు గ్లాసుల చెరకు రసం తాగి ఉంది. దానికి తోడు పొద్దున వేసుకున్న బీపీ మాత్ర ఒకటి, ఒంట్లో నీరు తీసేది.

పన్నెండు ఇరవైకి అంది, "ఒంటికి పోవాల్రా."

కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. ఆడవాళ్ళ బాత్రూములు ఎత్తు అరుగు మీద ఉన్నాయి. ఆరు మెట్లు. పక్కన దివ్యాంగుల కోసమని ఇంకో గది ఉంది, తాళం వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే లోపల గాలి తీసిన ట్యూబులు, తుడుపు కర్రలు, బ్లీచింగ్ బస్తాలు. వాకీటాకీ పట్టుకున్న సూపర్‌వైజర్ కుర్రాణ్ణి పిలిచాను.

"అది స్టోరు కింద వాడుతున్నాం సార్."

"గేటు దగ్గర బోర్డు పెట్టారు కదండీ?"

"బోర్డు ఉండాలి సార్, రూల్."

"సాయం పట్టడానికి ఆడమనిషి ఎవరైనా ఉన్నారా?"

"క్లీనింగ్ లేడీస్ ఇద్దరు సార్. ఇవాళ రాలేదు. మామూలుగా ఇలాంటి పెద్దవాళ్ళకు డైపర్ వేసి తీసుకొస్తారు సార్."

"మీ అమ్మకి ఏసి తీసుకొస్తావా నాయనా?" అంది అక్క.

అతను వాకీటాకీలో ఎవరో పిలిచినట్టు నటించి వెళ్ళిపోయాడు.

ఆ మెట్లు దిగుతున్న ఆడవాళ్ళను అడగమంది అక్క. తడి నైలాను ఒంటికి అంటుకొని ఉన్న ఆడపిల్లల దగ్గరికి నేను వెళ్ళి ఏమని అడగను? అక్కే ఇద్దరిని పిలిచింది. వాళ్ళు ఆమె కాళ్ళ వంక చూసి, ఏదో వాసన తగిలినట్టు మొహం పెట్టి, గబగబా నడిచిపోయారు. మూడో ఆవిడ ఆగింది. ఆగి, ఫోన్ పైకెత్తి, సెల్ఫీ తీసుకొని వెళ్ళింది. వెనక మేం పడ్డామో లేదో తెలియదు.

"పోనీ నువ్వే ఎత్తుకో" అంది అక్క. "ఆరు మెట్లే గదరా. లోపల ఎవరూ లేకుండా చూసి పోదాం. తలుపు దగ్గర దింపు, మిగతాది నేను పాకుతా."

"నా వల్ల కాదు అక్కా. మనిషిని తెస్తా."

"తొందరగా రా మరి. ఆగదు."

మెట్లకు ముప్పై అడుగుల దూరంలో ఒక సిమెంటు ఏనుగు ఉంది. దాని నీడలో కుర్చీ పెట్టి, చక్రాలకు బ్రేకు వేసి బయలుదేరాను. అప్పుడు టైము పన్నెండు ముప్పై రెండు.

ఫస్ట్ ఎయిడ్ గదికి తాళం. గేటు దగ్గర ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, సీటు వదిలి రాకూడదంది. జారుడుబల్లల దగ్గర సునీత కనిపించలేదు. అక్కణ్ణుంచి ఫుడ్‌కోర్టు వైపు వెళ్ళాను. తిరిగి ఏనుగు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటా పదిహేను. "మహిళా సిబ్బంది కోసం నలభై మూడు నిమిషాలు వెతికాను" అని డైరీలో ఉంది.

ఏనుగు నీడలో కుర్చీ లేదు. గచ్చు మీద, చక్రాలు ఉండిన రెండు గీతల మధ్య, తడి మరక ఉంది. ఏమయిందో అర్థమైంది. ఆ మరక చూసి నాకు మొదట కలిగింది జాలి కాదు. రోత.

అక్కా అని పిలుస్తూ చుట్టూ తిరిగాను. అక్క గొంతు బాత్రూముల వెనకనుంచి వచ్చింది. "ఇక్కడున్నా, అరవబాక."

మెట్లెక్కి వెనక వైపు వెళ్ళాను. అరుగు మీద, బయటి కుళాయి పక్కన, కుర్చీలో కూర్చుని ఉంది. మొహం కడిగి ఉంది. జుట్టు తడి చేసి దువ్వి ముడి వేసి ఉంది. లంగా ఉతికి, గట్టిగా పిండి, ఇనప కడ్డీ మీద ఆరేసి ఉంది. నడుముకు పురికొస కట్టి, దాని మీద చీర కుచ్చిళ్ళు దోపి ఉంది. మిర్చి బస్తాల మూతులు కుడతారే, ఆ పురికొస. కుర్చీ సీటు తుడిచి ఉంది. బ్రేకు వేసి ఉంది.

"ఆడోళ్ళు వచ్చి చేశార్రా. ఇంక ఇంటికి పోదాం" అంది.

ఆమె బరువు అరవై రెండు కిలోలు. కుర్చీ పద్దెనిమిది. ఆ అరుగుకు ఆరు మెట్లు తప్ప ఇంకో దారి లేదు. నేను చుట్టూ తిరిగి చూశాను. వెనక ఎనిమిది అడుగుల గోడ, గోడ మీద ముళ్ళ తీగ.

కుర్చీ పిడులు పట్టుకుంటే చేతులు జారాయి. జిడ్డు. ఆముదం వాసన, ఆ వాసన కింద ఇంకో ఘాటు. ఎవరి చేతులు పట్టుకున్నాయో అని జేబురుమాలు తీసి పిడులు తుడిచాను. అదే రుమాలుతో మరిచిపోయి మొహం తుడుచుకున్నాను. కళ్ళు మండిపోయాయి. ఆ మంట గుంటూరు చుట్టుపక్కల పుట్టినవాడెవడికీ కొత్త కాదు. మిరపకాయ మంట. కుళాయి కింద పావుగంట కడుక్కున్నా పోలేదు.

ఒంటిగంటన్నరకు సునీత వాళ్ళు వచ్చారు. కుర్చీ కిందికి దింపడానికి ప్రభాకర్, నేను, ఇంకో ఇద్దరు మగవాళ్ళు పట్టాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి ఒరిగింది కూడా.

అక్క చీర చూసి, విషయం అర్థమై సునీత ఏడ్చింది. ఎవరు చేశారో కనుక్కొని దండం పెట్టాలంది. మళ్ళీ ఆ సూపర్‌వైజర్ దగ్గరికే వెళ్ళాం. ఆడవాళ్ళెవరూ డ్యూటీలో లేరని రిజిస్టరు చూపించాడు. సునీత గొడవ పెట్టుకుంటే కెమెరాల గదికి తీసుకెళ్ళాడు. అక్కను ప్రభాకర్ కారు దగ్గరికి తోసుకెళ్ళాడు.

ఆ గదిలో ఒకతను టేబుల్ మీద బిర్యానీ పొట్లం విప్పుకొని, ఎముకలు కీబోర్డు పక్కన కుప్ప పోస్తూ తింటున్నాడు. ఎదురుగా ఎనిమిది తెరలు. అందులో ఒకటి సరిగ్గా ఆడవాళ్ళ బాత్రూమ్ మెట్ల వైపు పెట్టి ఉంది. తడి బట్టలతో దిగేవాళ్ళు నిలువునా కనిపిస్తున్నారు, ఓ పక్కన సిమెంటు ఏనుగు కూడా. ఇతను రోజంతా అన్నం తింటూ చూసేది ఇదీ. జిడ్డు వేళ్ళతోనే వెనక్కి తిప్పాడు.

పన్నెండు ముప్పై రెండు. నేను అక్కను ఏనుగు కింద పెట్టి వెళుతున్నాను. అక్క ఒంటరిగా ఉంది. దాటిపోయేవాళ్ళను చెయ్యెత్తి పిలుస్తోంది. ఎవరూ ఆగడం లేదు. పన్నెండు నలభై ఒకటికి ముందుకు వంగి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. తరవాత తల దించేసుకుంది. సునీత నా చెయ్యి పట్టుకుంది. ఆ జనం ముందు, ఆ కెమెరా ముందు, ఆమెకు అయిపోయింది.

పన్నెండు నలభై నాలుగుకు తెర మొత్తం ఎర్రబడింది.

మొదట చెడిపోయిందనుకున్నాం. కాదు. గుడ్డ. వెలిసిపోయిన ఎర్ర నేతచీర, కెమెరాకు జానెడు దూరంలో. పోగులు లెక్కపెట్టగలిగినంత దగ్గర. కుడి వైపు ఒక చిరుగు, దాన్ని నల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి కలిపారు. పైనుంచి రెండు చోట్ల ముడుతలు దిగుతున్నాయి, ఎవరో రెండు గుప్పిళ్ళతో పట్టుకొని ఉన్నట్టు. కొంచెం కొంచెం కదులుతోంది. గాలికి ఎగిరే కదలిక కాదు. చేతులు నొప్పిపుట్టి అటూ ఇటూ సర్దుకున్నట్టు.

మూలన గడియారం నడుస్తూనే ఉంది. పక్క తెర మీద, అదే టైములో, పార్కు జెండాలు కర్రలకు అంటుకొని వేలాడుతున్నాయి. గాలి లేదు.

పన్నెండు యాభై అయిదుకు చీర పక్కకు తప్పుకుంది. ఏనుగు ఉంది. కుర్చీ లేదు. అరుగు వెనక వైపు కెమెరా లేదు.

"ఏదో ఫ్లెక్సీ ఎగిరి పడి ఉంటుంది సార్" అన్నాడు సూపర్‌వైజర్. బిర్యానీ తింటున్నతను మాత్రం తినడం ఆపేశాడు. ఇంకోసారి వేయమంటే వేయనన్నాడు. కాపీ ఇవ్వమంటే ఆ అధికారం లేదన్నారు. మళ్ళీ రమ్మని రెండు ఉచిత టికెట్లు ఇవ్వబోయారు. అవి నేను ముట్టుకోలేదు.

బయటికి వచ్చి కెమెరా ఉన్న స్తంభం దగ్గర నిలబడ్డాను. నా గొడుగు నీడ కొలిచాను, స్తంభం నీడ కొలిచాను. కెమెరా ఎత్తు పద్నాలుగు అడుగులు. చుట్టూ చెట్టు లేదు, తీగ లేదు, ఫ్లెక్సీ లేదు. స్తంభం నున్నటి ఇనుము. ఎక్కిన జాడ లేదు.

ఇంటికి వస్తూ కారులో అక్క చెప్పింది. చాలా మామూలుగా చెప్పింది.

"నలుగురో అయిదుగురో. మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. చీరల మీద మగాళ్ళ పాత చొక్కాలు. కూలికొచ్చినోళ్ళే. ఒకామె నన్ను చూసి, అడ్డం పట్టండే అంది. పట్టారు."

"ముక్కులు మూసుకోలేదా అత్తా వాళ్ళు?" అంది సునీత ఏడుస్తూనే.

"ముందే కట్టుకున్నారుగా, ఇంకేం మూసుకుంటారు!" అని అక్క పకపకా నవ్వింది.

ఆ అడ్డం పట్టడం ఏమిటో సునీతకు తెలియదు. అక్క చెప్పింది. తొడిమలు తీసే చోట ముప్పై మంది ఆడవాళ్ళుండేవాళ్ళు. చెట్టు లేదు, చాటు లేదు, చుట్టూ లారీలవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు. ఒకరికి అవసరం వస్తే నలుగురు లేచి, చీరలు అడ్డంగా చాపి పట్టుకొని చుట్టూ నిలబడేవాళ్ళు. వీపు లోపలికి పెట్టి, మొహం బయటికి పెట్టి. లోపలికి ఎవరూ చూడకూడదు. ఎవరికి ఎవరు పట్టారని లెక్క ఉండదు.

"నేను నిలబడలేను గదా. నా వంతొచ్చినప్పుడు కూర్చునే ఒక కొస పట్టుకునేదాన్ని. కింద గాలికి లేవకుండా."

"వాళ్ళలో ఎవరినైనా గుర్తుపట్టావా అక్కా?" అన్నాను.

"కళ్ళు తప్ప ఏం కనపడతయ్యిరా? మీ మేస్త్రీ ఎవరమ్మా అని అడిగా. నవ్వారు. నలుగురూ ఒక్కసారి కుర్చీ లేపారు, మెట్లు తగిలినట్టు కూడా లేదు."

"చీర పైకి కూడా పట్టారా?"

"పైకెందుకురా? పైన దేవుడు తప్ప ఎవరుంటారు?"

కెమెరా సంగతి ఆమెకు తెలియదు. ఇప్పటికీ చెప్పలేదు.

తరవాతి వారం నేను ఒక్కణ్ణే బస్సులో వెళ్ళాను. పార్కు చుట్టూ గోడ వెంట నడిచాను. ముళ్ళ తీగ ఎక్కడా తెగలేదు. మిరప కోతలు మార్చిలోనే అయిపోయాయి, చుట్టుపక్కల చేలల్లో కూలీలెవరూ లేరు. ఆ నేల అంతకుముందు ఏమిటని ఎదురుగా టీ కొట్టాయన్ని అడిగాను. పత్తి చేలు, ఆ తరవాత కొన్నేళ్ళు మిరపకాయలు ఆరబోసే కల్లం అన్నాడు. అందులో ఆడవాళ్ళకు ఏమైనా జరిగిందా అని అడిగాను. "ఏం జరుగుద్దండీ, పొద్దున వచ్చేవాళ్ళు, పొద్దుగూకి పోయేవాళ్ళు" అన్నాడు. అందులో వింత ఏమీ లేదు. మా జిల్లాలో మిరపకాయ ఆరబోయని నేల ఎక్కడుంది?

గోడ ఎలాగో దాటి ఎవరో కూలివాళ్ళు నీళ్ళ కోసం వచ్చారేమో. అక్కను చూసి జాలిపడి చేసి పోయారేమో. ఒకామె కర్రకు చీర తగిలించి ఎత్తి పట్టిందేమో. ఇలా రాసి పెట్టుకొని, సంగతి అక్కడితో మూసేశాను.

నవంబరు వానలప్పుడు అక్కకు జ్వరం వచ్చింది. వీధి నిండా మోకాటి లోతు నీళ్ళు. ఆయమ్మ రాలేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. రెండు రోజులు నేనే చేశాను. బెడ్‌పాన్ పెట్టాను, తీశాను, కడిగాను. అసహ్యం పోయిందని చెప్పను, పోలేదు. ఊపిరి బిగబట్టి చేశాను.

రెండో రోజు మధ్యాహ్నం అక్క నా మొహం చూసి, "ఊపిరి తీసుకోరా, చస్తావ్. డెబ్బై ఏళ్ళ దాన్ని నేను ఉండగా నువ్వు పోతే నన్నెవరు చూస్తారు?" అంది.

నాకు నవ్వొచ్చింది. అప్పుడు అంది, "నీకో మాట చెప్పలా."

"ఏంటి?"

"ఆ రోజు పార్కులో. మా తమ్ముడు వస్తాడమ్మా, మనిషిని తేవడానికి పోయాడు, ఆయన్ని కూడా రానీండి అన్నా వాళ్ళతో. ఆ పెద్దామె అంది, ఇప్పట్లో రాడులే అక్కా, అక్కడ ఫ్యాను కింద కూర్చుని సోడా తాగుతున్నాడు, మేం ఉన్నాంగా అని."

నేను తడిగుడ్డ పిండుతున్నాను.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏం చేసేవాడివి? రాసుకునేవాడివి" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమె చెప్పింది నిజం. పన్నెండు నలభై ఏడుకు నేను ఫుడ్‌కోర్టులో ఫ్యాను కింద కూర్చున్నాను. నిమ్మకాయ సోడా తెప్పించుకున్నాను. తాగడం అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఇంకా కూర్చున్నాను. ఈపాటికి అయిపోయి ఉంటుంది, ఎవరో ఒకరు చూసి ఉంటారు, నేను వెళ్ళేసరికి ఆ పని ముగిసి ఉంటుంది అనుకుంటూ ఒంటిగంటా పది దాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏనుగుకు, ఫుడ్‌కోర్టుకు మధ్య జారుడుబల్లల గుట్ట, రెండు గోడలు ఉన్నాయి. ఇక్కణ్ణుంచి అక్కడికి కనిపించదు. ఈ సంగతి నేను అక్కకు చెప్పలేదు, సునీతకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా చెప్పుకోలేదు. డైరీలో ఏం రాశానో పైన చెప్పాను.

గోడ దూకి వచ్చారంటే నమ్ముతాను. పద్నాలుగు అడుగుల ఎత్తున చీర పట్టారంటే దానికీ ఏదో కర్ర వెతుక్కుంటాను. కానీ నేను కూర్చున్న చోటు వాళ్ళకు ఎలా తెలిసిందో, ఎక్కణ్ణుంచి చూశారో, ఎంత ఆలోచించినా నాకు అంతు పట్టలేదు. చూసినవాళ్ళు నన్ను పిలవకుండా నేరుగా ఆమె దగ్గరికి ఎందుకు వెళ్ళారన్నది ఇంకో ప్రశ్న.

రెండోదానికి జవాబు నాకు తెలుసు. మొదటిదానికి ఇప్పటికీ తెలియదు.